పదో చెయ్యి

మీటింగు హాల్లో కుర్చీలేసింది నేనే.
పదిహేను. ఒకదానికి కాలు పొట్టి,
దాని కింద పాత ఓటర్ల లిస్టు మడిచి పెట్టినాను.
పట్టాభి అన్న కుర్చీ మాత్రం వేరే.
దాని మీద టర్కీ టవలు నాలుగేండ్లుగా
శుక్రవారం శుక్రవారం మారుస్తా ఉండాను.
ఈ పొద్దు శుక్రవారమే.
మార్చాల్నా వద్దా అని ఎవుర్ని అడిగేది?

మా నాయన మునసబు గడపలో తలారి.
మునసబును దించే కాయితం ఆ కాలంలో లేదు.
ఆయప్ప సచ్చినాంక ఆయప్ప కొడుకు,
దండోరా మా నాయన, అయిపాయ.
ఇప్పుడు కాయితముంది.
నోటీసు పట్టుకోని పదిహేనిండ్లకూ సైకిల్లో పోతే
తొమ్మిదిండ్లకు తాళాలు.
మనుషులు తిరపతిలో లాడ్జీలో ఉండారు,
పొద్దున దర్శనం, రాత్రికి బిర్యానీ,
సెల్లులు గుంజి సంచిలో వేసినారంట.
ఆడినుంచి కాణిపాకం తీసకపోయి
కర్పూరం మీద ప్రమాణం.
కుప్పాయమ్మ రెండు తూర్లు చేసింది,
పొద్దున వీళ్ళకు, సాయంత్రం వాళ్ళకు.
"సామికి లెక్క తెలుసులే నాయనా" అనింది నాతో.

తప్పేందంటే పైపులు.
మూడు పల్లెలకు నీళ్ళొచ్చినట్టు
బిల్లయింది, ఫోటో అయింది, కొబ్బరికాయా అయింది.
పైపులు మాత్రం చిత్తూరు దాటి రాలేదు.
ఆ ఫైలు ఈ టేబులునుంచి ఆ టేబులుకు మోసింది ఎవురు?
నేనే. జేబులో ఇన్నూరు పడింది.
ఆ పొద్దు మా పాపకు చెప్పులు కొన్నాను.
ఎవురూ అడగలేదు కాబట్టి చెప్తా ఉండాను.

ఇంగ చర్చ సంగతి.
నెల దినాలు ఊరంతా చర్చే.
బెల్లం మండీలో తూకమేస్తా చర్చ,
తోతాపురి లోడు దించతా చర్చ,
మంగలంగట్లో సగం గడ్డంతో లేసి నిలబడి చర్చ.
"దొంగను దించి గజదొంగను ఎక్కించేదా?" అని ఒకడు,
"ఎక్కినోడికి దిగే మెట్లు కూడా ఉండాయని
తెలియాల గదప్పా" అని ఇంగొకడు.

హాల్లో మాత్రం ఆర్డీవో అద్దాలు సర్దుకోని
"చర్చకు రూలు లేదు. చేతులెత్తండి" అన్నాడు.

ఎత్తినారు.
టీ గ్లాసులిచ్చేవాడికి తెలియని చేతులా?
ఉంగరాల చెయ్యి.
కిటికీ బయట మొగుడు సైగ చేస్తే లేసిన చెయ్యి.
వణికేది ఒకటి,
లేపినాక వాచీలో టైము చూసుకునేది ఒకటి.
తొమ్మిది.
పది కావాల.

కుప్పాయమ్మ లేసింది, చెయ్యి మాత్రం లేయలేదు.
"సార్, ఈయన్ని దించితే మా పైపులొస్తాయా?"
"చర్చకు రూలు లేదమ్మా."
"చర్చ కాదు సార్. అడగతా ఉండా."
ఫ్యాను తిరగతా ఉంది.
పట్టాభి అన్న మార్చని టవలుతో మొగం తుడుచుకున్నాడు.
రేపు ఎక్కబోయే చెంగల్రాయులు
ఫ్యాను దిక్కే చూస్తా ఉండాడు.
ఎవురూ పలకలా.

అప్పుడు లేసింది ఆ చెయ్యి,
బెల్లం పాకం పడి మూడు వేళ్ళు అతుక్కున్న చెయ్యి,
మెల్లింగా, నిండు బిందె బాయిలోనుంచి చేదినట్టు.

టపాకాయలు. దండలు. కొత్త టవలు.
చెంగల్రాయులు కూర్చోని అడిగిన మొదటి మాట:
"ఎత్తిరాజులూ, ఆ పైపుల ఫైలు యాడుంది?"
తెరిచేదానికా, మూసేదానికా,
గొంతును బట్టి తేలలేదు.

సోమవారం కుప్పాయమ్మ అర్జీ తెచ్చింది.
తీసుకోని ట్రేలో వేసినాను.
పోలేదు. నిలబడే ఉంది.
"ఏమ్మా?"
"రసీదియ్యి."

ఇరవయ్యారేండ్ల సర్వీసు. ఈ మాట ఎవురూ అనలేదు.
బీరువా కింది అరలో, చీపురుకట్టల వెనక
దొరికింది రసీదు పుస్తకం.
దుమ్ము కొట్టినాను.
మొదటి కాయితం ఇంగా చించనేలేదు.
మూలన అంకె చూసినాను:
ఒకటి.